రాటుదేలామా? మొద్దుబారామా?



ఈసారి ఒక ఇంగ్లీషు మాటతో మొదలుపెడుతున్నాము. ఆరోగ్య పత్రికలో ఇంగ్లీషు పాఠమేమిటని అనుకోవద్దు. ఈ మాట మాకు ఫిమేల్ వార్డులోనే ఎదురైంది.

అమ్మమ్మకు తోడుగా వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని మంచం పక్కన స్టూలు వేసుకుని పరీక్షలకు చదువుకుంటోంది. కట్టు మార్చడానికి వెళ్లిన మమ్మల్ని చూసి, "సిస్టర్, ఇన్యూర్ అంటే ఏమిటి?" అని అడిగింది. ఇంజూర్ అంటే గాయపరచడం. అది మాకు రోజూ వినపడే మాటే. ఇన్యూర్ మాత్రం తెలియలేదు. డ్యూటీ రూములో ఉన్న పాత డిక్షనరీ తెచ్చి చూశాము. కష్టానికి, బాధకు అలవాటుపడేటట్లు చేయడం అని అందులో ఉంది.

ఆ తరువాత అమ్మమ్మ గారి కాలి కట్టు విప్పాము. సముద్రం ఒడ్డు ఊరి మనిషి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి వీధులు తిరిగిన కాళ్లు అవి. చాలా కాలంగా షుగర్ ఉంది. అరికాలిలో పుండు లోతుగా దిగిపోయింది. శుభ్రం చేస్తుంటే లోపల నుండి చిన్న గాజుపెంకు బయటపడింది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియదు.

"నొప్పి లేదా అమ్మా?" అని అడిగాము.

"నేదు సిస్టరమ్మా. సిన్నప్పట్నించీ ఒట్టి కాళ్లతోనే తిరుగుతున్నాను. అలవాటైపోనాది" అన్నారు ఆమె.

మనవరాలు పుస్తకం మూసి, "ఇన్యూర్ అంటే ఇదేనా సిస్టర్?" అని అడిగింది. "ఇదేనమ్మా" అన్నాము. ఆ జవాబు సగమే నిజమని తరువాత ఆలోచిస్తే తెలిసింది. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

మాట ఎక్కడిది? ఎలా వాడాలి?

ఇంగ్లీషు పరీక్షలు రాసే పిల్లలు మన సంఘాలలో చాలామంది ఉన్నారు గనుక ముందు ఆ సంగతి చెబుతాము.

'ఇన్' అంటే లోపల. 'యూర్' అనేది ఇప్పుడు వాడుకలో లేని పాత ఇంగ్లీషు మాట. దానికి పని, వాడుక, అభ్యాసం అని అర్థం. పాత ఫ్రెంచి నుండి వచ్చింది. దాని మూలం పని అని అర్థమిచ్చే 'ఓపెరా' అనే లాటిన్ మాట. డాక్టర్లు చేసే 'ఆపరేషన్' కూడా ఆ కుటుంబంలోదే. కాబట్టి ఇన్యూర్ అంటే వాడుకలో పెట్టి పెట్టి అలవాటు చేయడం.

ఈ మాటను ఎక్కువగా 'ఇన్యూర్డ్ టు' అనే రూపంలో వాడతారు. దాని తరువాత ఎప్పుడూ 'టు' వస్తుంది. 'ఫ్రమ్' గానీ 'ఆఫ్' గానీ రాదు. 'ఇన్యూర్డ్ టు హీట్' అంటే ఎండకు అలవాటుపడినవాడు. 'ఇన్యూర్డ్ టు పెయిన్' అంటే నొప్పికి అలవాటుపడినవాడు. మంచి సంగతులకు దీనిని వాడరు. కాఫీకి అలవాటుపడ్డాను, కొత్త ఇంటికి అలవాటుపడ్డాను అనేటప్పుడు 'యూజ్డ్ టు' అంటే చాలు. చలి, ఎండ, ఆకలి, అవమానం, గోల, దుఃఖం వంటి వాటికే ఇన్యూర్ సరిపోతుంది.

దస్తావేజులలో ఇదే మాట వేరే అర్థంతో కనిపిస్తుంది. ఒక హక్కు గానీ లాభం గానీ ఫలానా వారికి చెందుతుంది అని చెప్పడానికి లాయర్లు వాడతారు. అక్కడ కష్టాలతో సంబంధం లేదు.

ఇంకొక పొరపాటు ఉంది. ఇన్యూర్ వేరు, 'ఇమ్యూన్' వేరు. ఇమ్యూన్ అంటే శరీరానికి ఒక జబ్బును ఎదుర్కొనే శక్తి ఉండడం. ఇన్యూర్ అంటే బాధను లెక్కచేయకపోవడం. "దోమలు మాకు అలవాటే సిస్టర్" అని ఓ.పి.లో చెబుతుంటారు. దోమ కుట్టినా దురద తెలియకపోవచ్చు. డెంగ్యూ రావడం మాత్రం ఆగదు. పైగా ఒకసారి డెంగ్యూ వచ్చిన మనిషికి రెండవసారి మరొక రకం డెంగ్యూ వస్తే మరింత ప్రమాదం కావచ్చు.

తెలుగులో రెండు మాటలు

ఇంగ్లీషు వారు ఒకే మాటలో చెప్పిన సంగతికి మన తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి రాటుదేలడం. రెండవది మొద్దుబారడం.

కష్టపడి కష్టపడి బలం పెరిగిన మనిషిని రాటుదేలాడు అంటాము. దెబ్బలు తిని తిని తెలివిడి పోయినవానిని మొద్దుబారాడు అంటాము. బయటినుండి చూస్తే ఇద్దరూ ఒకలాగే ఉంటారు. ఇద్దరూ "అమ్మా" అని అరవరు. లోపల మాత్రం ఒకరికి శక్తి పెరిగింది, మరొకరికి కబురు అందడం ఆగిపోయింది. ఆసుపత్రిలో మాకు ఈ తేడాయే ముఖ్యము.

శరీరం నిజంగా రాటుదేలే సందర్భాలు

వల లాగే మత్స్యకారుల అరచేతులు చూడండి. తాడు ఒరిపిడికి చర్మం మందమై కాయలు కాస్తాయి. కొత్తవాడి చేయి బొబ్బలెక్కే చోట వారి చేయి తట్టుకుంటుంది.

ఎండ, వేడి కూడా అంతే. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర, కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే వారికి మొదటి రోజులు చాలా కష్టంగా ఉంటాయి. రోజూ కొంచెం కొంచెంగా వేడిలో పనిచేస్తే 7 నుండి 14 రోజులలో శరీరం సర్దుకుంటుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. ఆ చెమటలో ఉప్పు తక్కువ పోతుంది. అదే పనికి గుండె ముందటి కన్నా నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే కొత్త కార్మికునికి మొదటి రోజు వేడిలో ఐదవ వంతు పని మాత్రమే ఇచ్చి, రోజూ మరొక ఐదవ వంతు పెంచాలని నిపుణులు చెబుతారు.

ఈ రాటుదేలడానికి కూడా రెండు హద్దులున్నాయి. మొదటిది, వేడికి దూరంగా ఉంటే అలవాటు పోతుంది. వారం రోజులు సెలవు పెడితేనే తగ్గుతుంది. నెల రోజులకు దాదాపు పూర్తిగా పోతుంది. జ్వరపడి లేచి, "నాకు ఇరవై ఏళ్ల అనుభవం" అని మొదటి రోజే పూర్తి పనికి దిగకూడదు. రెండవది, నీళ్లు లేకుండా ఎవరికీ అలవాటు పనిచేయదు. చెమట ఎక్కువ పట్టే మనిషికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాలులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండకు అలవాటులేని దేశం కాదు మనది. అయినా అంతమంది పోయారు.

మొద్దుబారిన చోట్లు

ఇప్పుడు "అలవాటైపోయింది" అనే మాట మోసం చేసే చోట్లు చెబుతాము.

కాళ్లు: షుగర్ చాలా ఏళ్లు అదుపులో లేకపోతే కాలి నరాలు దెబ్బతింటాయి. ముందు మంట, తిమ్మిరి ఉంటాయి. తరువాత అవి తగ్గిపోతాయి. రోగి తనకు నయమైందని సంతోషిస్తాడు. నిజానికి కబురు చెప్పే నరం మూగపోయింది. రుషికొండ బీచిలో మే నెల మధ్యాహ్నం ఇసుక ఎంత కాలుతుందో మీకు తెలుసు. ఆ ఇసుకలో నడిచి, కాళ్లు బొబ్బలెక్కిన సంగతి ఇంటికి వెళ్లాక చూసుకునే షుగర్ రోగులు ఉన్నారు. కుష్ఠు వ్యాధిలో కూడా జరిగేది ఇదే. స్పర్శ తెలియని మచ్చ నొప్పి లేదు గనుక మంచిదని వదిలివేయకూడదు.

రక్తపోటు: బి.పి. 140/90 దాటినా చాలామందికి ఏమీ తెలియదు. తల తిరగడం లేదు కాబట్టి మాత్ర మానేశామంటారు. బి.పి. ఎంతుందో మిషను చెప్పాలి, మనిషికి తెలియదు.

రక్తహీనత: రక్తం నెలల తరబడి నెమ్మదిగా తగ్గితే శరీరం ఎలాగో నెట్టుకువస్తుంది. గోడ పట్టుకుని మెట్లు ఎక్కడం, బిందె దించి ఆయాసపడడం, మధ్యాహ్నానికి కళ్లు బైర్లు కమ్మడం, ఇవన్నీ ఆడవారికి మామూలే అనుకుంటాము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగం కన్నా ఎక్కువమందికి రక్తహీనత ఉంది. అందరికీ ఉన్నంత మాత్రాన మామూలు కాదు. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణీలకు 11 గ్రాములు తగ్గకూడదు. 7 కన్నా తగ్గిన గర్భిణీకి కాన్పులో కొద్దిపాటి రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

చెవులు: "చేరిన కొత్తలో మిషను గోలకు తలనొప్పి వచ్చేది, ఇప్పుడు అలవాటైంది" అని చెప్పే కార్మికులకు మేము వెంటనే చెవి పరీక్ష చేయించుకోమంటాము. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే లోపలి చెవిలోని సన్నని కణాలు చచ్చిపోతాయి. అవి తిరిగి మొలవవు. గోల తగ్గినట్లు అనిపించడానికి కారణం వినికిడి తగ్గడమే కావచ్చు.

ముక్కు: మత్స్యకార సోదరులు ఇది గుర్తుంచుకోవాలి. బోటు అడుగున చేపలు నిలవచేసే గది మూసి ఉండి, లోపల చేపలు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. ముందు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వాయువు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగిన మనిషి అక్కడే పడిపోతాడు. అతనిని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. మురుగు గుంటలలోనూ ఇదే ప్రమాదం.

మన తీరపు అడ్డపొగ

అలవాటు అనే మాటకు మన ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నంత బాధాకరమైన ఉదాహరణ మరెక్కడా ఉండదేమో. అదే అడ్డపొగ. చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో పెట్టుకుని కాల్చడం. విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల తీర గ్రామాలలో పెద్ద వయసు స్త్రీలలో ఈ అలవాటు ఎక్కువ. అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నది. అడిగితే, సముద్రపు గాలికి నిప్పు ఆరదని ఒకరు, పంటి నొప్పికి మంచిదని మరొకరు చెబుతారు.

నోటిలో నిప్పు పెట్టుకుంటే కాలదా? మొదట్లో కాలుతుంది. తరువాత అంగిలి మారిపోతుంది. వల తాడుకు అరచేయి కాయ కాసినట్లే, వేడికి పొగకు అంగిలి మందమై తెల్లబడుతుంది. మధ్యలో ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. నొప్పి ఉండదు. అందుకే ఎవరూ చూపించుకోరు. చేతి కాయ చేతిని కాపాడుతుంది. అంగిలి మీది కాయ అలా కాపాడదు. కొందరిలో అది ఏళ్లు గడిచాక క్యాన్సరుగా మారుతుంది.

గట్టి అంగిలికి క్యాన్సరు రావడం ప్రపంచంలో చాలా చోట్ల అరుదు. మన తీరంలో అది ఎక్కువగా కనిపిస్తోందని, దానికి అడ్డపొగే కారణమని 1950లలోనే మన డాక్టర్లు గుర్తించి రాశారు. 1971లో డెన్మార్క్ దేశపు డాక్టర్ పిండ్‌బోర్గ్, బొంబాయి డాక్టర్లతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిన ఫలితాలను ప్రకటించారు. అడ్డపొగ కాల్చేవారి అంగిలిలో వచ్చే మార్పులన్నీ అందులో వివరించారు. ఆ తరువాత ఈ అలవాటు చాలా ఊళ్లలో తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు.

మీ ఇంట్లో అటువంటి అమ్మమ్మ గాని నాయనమ్మ గాని ఉంటే కోప్పడవద్దు. "ఒకసారి నోరు తెరువు అమ్మమ్మా" అని వెలుతురులో అంగిలి చూడండి. టార్చిలైటు చాలు. తెల్లని మందమైన పొర, ఎర్రని మచ్చ, రెండు వారాలకు మానని పుండు కనిపిస్తే నొప్పి లేకపోయినా తీసుకురండి. క్యాన్సరుగా మారక ముందు చుట్ట మానితే చాలామందిలో ఆ మార్పులు తగ్గుముఖం పడతాయి. క్యాన్సరని తేలినా విశాఖలో కె.జి.హెచ్., అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల వైద్యం ఉంది. ముందుగా వస్తే ఫలితం బాగుంటుంది.

మనసు మొద్దుబారడం

ఇన్యూర్ అనే మాటను ఇంగ్లీషువారు ఎక్కువగా వాడేది మనసు గురించే. ఓ.పి.లో ఒక చెల్లెమ్మ చేతి మీద కమిలిన మచ్చ చూసి అడిగితే, "తాగి వస్తే అంతే సిస్టర్, మాకు అలవాటే" అంటుంది. పక్కనున్న అత్తగారు కూడా అదే అంటారు. ఆ ఇంటి పిల్లవాడు అది వింటూ పెరుగుతాడు. ఇది ఓర్పు అనుకోవద్దు. ఓర్పు గల మనిషికి తాను భరిస్తున్నది ఏమిటో తెలుసు. మొద్దుబారిన మనిషికి అది తప్పన్న సంగతే మరుగునపడుతుంది. అటువంటి వారికి మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. మనసు బాగా కుంగిపోయినవారు టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మా సిస్టర్లకు చెప్పినా గోప్యంగా ఉంచుతాము.

మా సంగతి కూడా చెప్పాలి

రోగులకు ఇంత చెప్పి మా సంగతి దాచడం న్యాయం కాదు. నర్సులమైన మేము కూడా మొద్దుబారుతాము.

చాలా ఏళ్ల క్రిందట మాట. అప్పుడు మేము మగవారి వార్డులో రాత్రి డ్యూటీలు చేస్తున్నాము. తుంటి ఎముక విరిగిన ఒక పెద్దాయన రాత్రంతా మూలుగుతుండేవారు. మొదటి రాత్రి మూడుసార్లు లేచి వెళ్లాము. రెండవ రాత్రి ఒకసారి వెళ్లాము. నాలుగవ రాత్రికి ఆ మూలుగు మాకు ఫ్యాను చప్పుడులా అయిపోయింది. రిపోర్టు పుస్తకంలో ప్రత్యేకించి ఏమీ లేదని రాశాము. ఆ రాత్రే కొత్తగా డ్యూటీకి వచ్చిన ఒక స్టూడెంట్ నర్సు ఆయన దగ్గరికి వెళ్లి, పరుగున తిరిగి వచ్చింది. మూత్రపు గొట్టం మూసుకుపోయి పొత్తికడుపు బొడ్డు దాకా ఉబ్బిపోయింది. గొట్టం మార్చగానే ఆయన ముఖం తేటపడింది. "నిన్నటినుండి చెబుతూనే ఉన్నానమ్మా" అన్నారు. ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పిల్లకు మా కన్నా చదువు ఎక్కువ లేదు. ఆమె చెవులు ఇంకా మొద్దుబారలేదు, అంతే. అందుకే ఇప్పుడు ప్రతి షిఫ్టులో ప్రతి రోగిని నొప్పి 0 నుండి 10 లోపు ఎంత ఉందని అడిగి రాస్తున్నాము. అడిగినదే అడుగుతున్నారని విసుక్కోవద్దు. మేము అలవాటుపడిపోకుండా ఉండడానికే ఆ ప్రశ్న.

ఇంట్లో వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

ఇకమీదట మీ నోటి నుండి గాని, మీ ఇంటి పెద్దల నోటి నుండి గాని "అలవాటైపోయింది" అనే మాట వస్తే ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. అలవాటయ్యాక నా శక్తి పెరిగిందా, తగ్గిందా? పోయిన ఏడాది ఎక్కిన మెట్లు ఇప్పుడూ ఎక్కగలుగుతున్నానా?

2. బాధ తగ్గడానికి కారణం తెలుసా? మందు వాడితే తగ్గిందా, ఊరికే తెలియకుండా పోయిందా?

3. ఈ బాధ నా బిడ్డకు ఉంటే "అలవాటవుతుందిలే" అని ఊరుకుంటానా?

మూడింటిలో ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా పరీక్ష చేయించుకోండి.

షుగరు ఉన్నవారు రోజూ రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. కనబడకపోతే అద్దం పెట్టి గాని, మనవలతో గాని చూపించుకోవాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. వేడినీళ్లలో కాళ్లు పెట్టకూడదు. చెప్పు వేసుకునే ముందు లోపల చేయి పెట్టి తడమాలి. ఏడాదికి ఒకసారైనా కాలి స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేని ఆ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు.

మొదట చెప్పిన అమ్మమ్మ గారి కాలు దక్కింది. రెండు వేళ్లు దక్కలేదు. డిశ్చార్జి రోజున మనవరాలు కొత్త మెత్తని చెప్పుల జత కొని తెచ్చి ఆమె కాళ్లకు తొడిగింది. "ఇవి నాకు అలవాటు నేదే" అని ఆమె గొణిగారు. "అలవాటవుతాయిలే అమ్మమ్మా" అంది ఆ పిల్ల.

ఆ రోజు ఆ అమ్మాయికి సగం జవాబే చెప్పాము. మిగతా సగం ఇది: అమ్మా, పుస్తకంలోని ఇన్యూర్‌కు అర్థం నువ్వు సరిగానే రాశావు. మనిషి విషయంలో మాత్రం రాటుదేలిందా, మొద్దుబారిందా అని అడిగి తెలుసుకోవాలి.

నర్సింగ్ సిబ్బంది తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్